మన సీమ కొండలకు ఏ బూటు, ఏ బ్యాగు, ఎన్ని నీళ్లు

మూడేళ్లుగా అటక మీద ఉన్న ట్రెక్కింగ్ బూట్లు తీసి, దుమ్ము దులిపి, ఒక జనవరిలో పెనుకొండ కొండ ఎక్కాను. చూడటానికి కొత్తవే. డబ్బులు గట్టిగా పెట్టి కొన్నవి కదా అని దాచి దాచి వాడినవి, మొత్తం కలిపి నాలుగైదుసార్లు వేసుకుని ఉంటానేమో. సగం కొండ ఎక్కేసరికి కుడికాలి సోలు ముందువైపు విడిపోయి టపటపా కొట్టుకోవడం మొదలైంది, ఇంకో పావుగంటకు ఎడమకాలిది కూడా అదే దారి పట్టింది, మధ్యలో ఉండే స్పాంజి లాంటి పొర తడిసి ఆరిన బిస్కెట్‌లా పొడిపొడిగా రాలుతోంది. అక్కడ గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన చూసి, "ఏం నాయనా, బూటు నోరు తెరిసిందే" అని నవ్వి, సంచిలోంచి తాడు ముక్క తీసి ఇచ్చాడు. ఆయన కాళ్లకు టైరు చెప్పులు. ఆ తాడుతో రెండు బూట్లూ కట్టుకుని దిగాను, దిగినంతసేపూ నా చూపు ఆ టైరు చెప్పుల మీదే.

తర్వాత తెలిసిన సంగతి ఏమంటే, చాలా బూట్లలో సోలుకీ పైభాగానికీ మధ్య పాలీయురేథేన్ అనే పదార్థం ఉంటుంది. గాలిలో తేమ తగిలి తగిలి ఏళ్లు గడిచేకొద్దీ అది లోపల్నించే విరిగిపోతుంది, వాడకుండా ప్లాస్టిక్ కవర్లో కట్టి దాచితే ఇంకా త్వరగా పోతుంది. నేను కవర్లో చుట్టి, దానికి రబ్బరు బ్యాండ్ కూడా వేసి దాచాను, అంత జాగ్రత్త! కాబట్టి మొదటి మాట: ఎప్పుడో కొన్న బూట్లతో బయల్దేరే ముందు సోలును రెండు చేతులతో పట్టి వంచి చూడండి, అంచున గోరుతో గీకి చూడండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా వాటిని ఇంటి దగ్గరే వదిలేయండి.

ఇక కొనే సంగతి. ట్రెక్కింగ్ సామాన్ల గురించి మనం చూసే వీడియోలు ఎక్కువగా మంచు కొండలవి. అవి చూసి గండికోటకు వాటర్‌ప్రూఫ్ బూట్లు, సున్నా డిగ్రీల స్లీపింగ్ బ్యాగు, అరవై లీటర్ల బ్యాగు మోసుకొచ్చిన వాళ్లను చూశాను, పాపం వాళ్లకు చెమట పట్టినంత ఎవరికీ పట్టలేదు. మన దగ్గర మంచు లేదు. ఉన్నది ఎండ, తుమ్మముల్లు, రాయి, నీళ్లు దొరకని దారి. అనంతపురం వైపు ఏడాది మొత్తం మీద పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. సామాను ఎంచుకునేటప్పుడు ఇదంతా కళ్లముందు పెట్టుకోవాలి.

బూట్లకు వాటర్‌ప్రూఫ్ పొర వద్దని నా గట్టి అభిప్రాయం. నీళ్లు లోపలికి రాకుండా ఆపేది చెమటను కూడా సరిగా బయటికి పోనివ్వదు, పైగా వంక దాటేటప్పుడు మడమ పైనుంచి నీళ్లు దిగాయంటే ఆ బూటు సాయంత్రం దాకా ఆరదు. అట్లని మరీ జల్లెడలాంటి మెష్ బూట్లు కూడా మన గడ్డిలో పనికిరావు, గడ్డి ముళ్లు అందులోంచి దూరి సాక్సులో దిగి ప్రతి అడుగుకూ గుచ్చుతుంటాయి. వేళ్ల దగ్గర గట్టి రబ్బరు తొడుగు, పైన దగ్గర నేత గుడ్డ, అడుగున మందమైన రబ్బరు సోలు ఉన్నది చూడండి. కొందరు వాకింగ్ షూలతో వచ్చేస్తారు, అవి అడుగున అంతా ఫోమే, తుమ్మముల్లు వెన్నలో దిగినట్టు దిగుతుంది.

సోలు పట్టు గురించి కూడా ఒక మాట. పెనుకొండ, గుత్తి, రాయదుర్గం లాంటి చోట్ల పొడి గ్రానైట్ గుండ్ల మీద దాదాపు ఏ బూటైనా పట్టుకుంటుంది. అహోబిలం అట్ల కాదు. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి వెళ్లే దారిలో భవనాశిని నీళ్లకు నున్నబడిన రాళ్లుంటాయి, అక్కడ గట్టి ప్లాస్టిక్ లాంటి సోలు ఉన్న బూటు జర్రున జారుతుంది, మెత్తటి రబ్బరు నిలుస్తుంది. షాపులో బొటనవేలి గోరుతో సోలును నొక్కి చూస్తే చాలు, కొంచెం లోపలికి వెళ్లి తిరిగి వస్తే ఫరవాలేదు, రాయిలా ఉంటే వద్దు. ఉగ్రస్తంభం దాకా వెళ్లాలనుకునేవాళ్లు ఈ ఒక్క విషయంలో అసలు రాజీపడొద్దు, ఆ చివరి ఎక్కుడు కన్నా దిగుడు కష్టం.

బూట్లు సాయంత్రం పూట కొనండి. పొద్దంతా తిరిగాక పాదాలు కొంచెం వాస్తాయి, నడకలోనూ అట్లే వాస్తాయి. కొండకు వేసుకునే సాక్సులే వేసుకుని వెళ్లండి. లేసులు కట్టకుండా కాలు పూర్తిగా ముందుకు తోసినప్పుడు మడమ వెనక ఒక వేలు పట్టాలి. అంత సందు లేకపోతే దిగేటప్పుడు బొటనవేళ్లు ముందు గోడకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి, నెల తర్వాత ఊడిపోతాయి కూడా (నావి రెండుసార్లు ఊడాయి, ఇంట్లో మాత్రం రాయి తగిలిందని చెప్పాను). కొన్నాక నేరుగా కొండకు తీసుకుపోకుండా రెండు వారాలు బజారుకీ పాలకీ అవే వేసుకుని తిరగండి, నవ్వేవాళ్లు నవ్వుతారు. సాక్సులు మాత్రం కాటన్‌వి వద్దు. కాటన్ చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, తడి చర్మం రుద్దుకుంటే బొబ్బలు వస్తాయి. సింథటిక్‌వో మెరినో ఉన్నివో రెండు జతలు, మధ్యాహ్నం ఒకసారి మార్చుకోవాలి.

బ్యాగు దగ్గరికి వస్తే, ఎన్ని లీటర్లదని అడిగే ముందు ఏం మోస్తారో లెక్క వేసుకోండి. ఒక రాత్రి ఉండే నడకకు నా లెక్క ఇదీ: నీళ్లు నాలుగు కిలోలు, ఇద్దరం పంచుకుంటే టెంట్‌లో నా వాటా ఒకటిన్నర, పడుకునే ఫోమ్ మ్యాట్ అరకిలో లోపే, తేలికపాటి స్లీపింగ్ బ్యాగు కిలో, తిండి కిలో, బట్టలూ చిల్లర సామానూ కిలోన్నర, ఖాళీ బ్యాగు బరువు మరో కిలోన్నర. మొత్తం పదకొండు కిలోలు. ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోమంటారు, అంటే అరవై కిలోల మనిషి పన్నెండు దాటకూడదు. దీనికి నలభై, నలభై ఐదు లీటర్ల బ్యాగు సరిపోతుంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసే పనైతే ఇరవై ఐదు చాలు. పెద్ద బ్యాగు కొంటే అందులో చోటుందని ఏదో ఒకటి కుక్కుతాం, అది మనిషి గుణం.

లీటర్ల కన్నా ముఖ్యమైనది వీపు కొలత. తల ముందుకు వంచి మెడ వెనక తడిమితే ఒక ఎముక బుడిపె తగులుతుంది, అక్కణ్ణుంచి నడుము ఎముక పైఅంచు దాకా వెన్ను వెంబడి టేపు పెట్టించుకుని కొలవండి. ఆ కొలత మీ ఎత్తును బట్టి ఉండదు, నాకన్నా పొడుగున్న మా తమ్ముడి వీపు నాకన్నా పొట్టి. చాలా బ్యాగుల చీటీ మీద ఈ కొలత రాసుంటుంది, కొన్నింటికి సర్దుకునే వీలు ఉంటుంది. ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో చూసుకోవడం దండగ. అన్ని బ్యాగులూ ఖాళీగా ఉన్నప్పుడు హాయిగానే ఉంటాయి. షాపులో బరువు సంచులు అడిగి ఎనిమిది, పది కిలోలు వేయించుకోండి, ముందు నడుము బెల్టును తుంటి ఎముకల మీద పడేట్టు బిగించి, ఆ తర్వాతే భుజాల పట్టీలు లాగి, పావుగంట షాపంతా తిరగండి. బరువులో ఎక్కువ భాగం తుంటి మీద పడాలి. పట్టీ కింద రెండు వేళ్లు పెడితే సులువుగా దూరాలి, భుజం కోసుకుపోతుంటే ఆ బ్యాగు మీది కాదు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే. ఇంటికి తెచ్చాక కూడా బిల్లు పారేయకుండా, కిలో కందిపప్పు ప్యాకెట్లు పది వేసుకుని మిద్దె మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగండి. మా ఇంట్లో ఆ పప్పు ప్యాకెట్లు లెక్కపెట్టి మళ్లీ డబ్బాలో పెట్టించుకున్నారు.

నీళ్లు. ఇక్కడే మనవాళ్లు ఎక్కువ తప్పు చేస్తారు. శీతాకాలమైనా పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచే మనిషికి నాలుగు లీటర్లు పెట్టుకోవాలి, దారిలో కుంట ఉందిలే, కోనలో నీళ్లుంటాయిలే అని బయల్దేరొద్దు, డిసెంబరులో పారిన వంక మార్చికి ఎండి రాళ్లు తేలి ఉంటుంది. పైపుతో పీల్చుకునే నీళ్ల సంచి ఫ్యాషన్‌గా ఉంటుంది కానీ నాకు పడలేదు: ఎంత తాగామో ఎంత మిగిలిందో తెలియదు, కడగడం కష్టం, ముల్లు గుచ్చుకుంటే బట్టలన్నీ తడిసిపోతాయి. స్టీలు ఫ్లాస్కు నీళ్లను చల్లగా ఉంచుతుంది, నిజమే, అయితే ఖాళీదే అరకిలో దాకా ఉంటుంది. నా ఓటు మామూలు లీటరు ప్లాస్టిక్ సీసాలకే. నాలుగు సీసాలుంటే రెండోది ఖాళీ అయినప్పుడు వెనక్కి తిరగాలా ముందుకు పోవాలా అన్నది కళ్లకు కనిపిస్తుంది. సీసాకు తడిగుడ్డ చుట్టి బ్యాగు పక్కన గాలి తగిలేట్టు పెడితే కాస్త చల్లబడుతుంది కూడా. ఖాళీ సీసాలు మాత్రం అడవిలో పారేయకుండా వెనక్కి తేవాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, క్లోరిన్ బిళ్లలు కొన్ని ఎప్పుడూ పెట్టుకోండి. వంక నీళ్లు తాగక తప్పకపోతే గుడ్డలో వడగట్టి, బిళ్ల వేసి అరగంట ఆగాలి.

టెంట్ విషయంలో గండికోట నాకు మంచి పాఠం నేర్పింది. పెన్నా లోయ అంచున అంతా బండే, మేకు దిగదు. మేకులు కొడితేనే నిలబడే రకం టెంట్ తీసుకెళ్లి, రాత్రి గాలికి అది పడవ తెరచాపలా లేస్తుంటే నలుగురం నాలుగు మూలల్లో బరువుకు పడుకున్నాం. కాబట్టి కడ్డీలు దూర్చగానే తనంతట తాను నిలబడే డోమ్ రకమే తీసుకోండి, దానితోపాటు మూడు నాలుగు మిల్లీమీటర్ల తాడు పది మీటర్లు. మేకు బదులు తాడును ఒక చిన్న రాయికి కట్టి, ఆ తాడు మీద టెంట్ వైపున పెద్ద రాయి ఎత్తిపెడితే గాలి లాగినకొద్దీ చిన్న రాయి వచ్చి పెద్ద రాయికి అడ్డం పడుతుంది, కదలదు. లోయ అంచుకు మాత్రం బాగా దూరంగా వేసుకోండి, రాత్రి నిద్రమత్తులో లేచి బయటికి వెళ్లేవాళ్లు ఉంటారు.

కింద పరుచుకోవడానికి గాలి ఊదే పరుపు మన ముళ్లకు ఒక రాత్రి కూడా ఆగదు, మడతపెట్టే ఫోమ్ మ్యాట్ నయం, దాని మీద కూర్చోవచ్చు, అన్నం తినొచ్చు. స్లీపింగ్ బ్యాగు పదిహేను డిగ్రీలకు పనికొచ్చే పల్చటిది చాలు, మార్చి దాటితే దుప్పటి ఒక్కటే. నల్లమలలో శివరాత్రికి ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లను చూడండి, ముసలమ్మలు ఒక మూట, ఒక దుప్పటితో కైలాసద్వారం ఎక్కేస్తారు. అది చూశాక నా బ్యాగులోంచి సగం తీసేశాను. అడవిలోకి వేరే రోజుల్లో వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి, అది పులుల అభయారణ్యం. పొయ్యి కూడా వద్దు. ఎండు గడ్డిలో ఒక్క నిప్పురవ్వ చాలు. ఒక రాత్రికి ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, బొరుగులు, బెల్లం పెట్టుకుంటే వండే పనే ఉండదు. మిగిలిన తిండి టెంట్‌లో పెట్టుకుని పడుకోవద్దు, నల్లమలలో ఎలుగుబంట్లు ఉన్నాయి.

లైటు తలకు కట్టుకునేదే కొనండి. సెల్‌ఫోన్ టార్చితో ఒక చెయ్యి పోతుంది, చార్జింగూ పోతుంది. మామూలు కిరాణా కొట్లో దొరికే బ్యాటరీలతో పనిచేసేదైతే ఇంకా మంచిది. చీకటి పడ్డాక రాయి మీద చెయ్యి వేసే ముందు, బూటులో కాలు పెట్టే ముందు లైటు వేసి చూడాలి, రక్తపింజర ఆకుల్లో కలిసిపోయి ఉంటుంది. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ చేయొద్దు, కాలు కదపకుండా వీలైనంత త్వరగా పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి, విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే మందు.

బట్టల్లో పూర్తి చేతుల చొక్కా, పూర్తి ప్యాంటు, అంచు ఉన్న టోపీ, ఒక తుండుగుడ్డ. జీన్స్ వద్దే వద్దు. తుండుగుడ్డను మించిన సామాను నాకింకా కనిపించలేదు: తడిపి తలకు చుట్టుకోవచ్చు, నీళ్లు వడగట్టొచ్చు, విరిగిన చేతికి జోలె కట్టొచ్చు. చేతికర్రకు వేలకు వేలు పెట్టక్కర్లేదు, నిలబడి పట్టుకుంటే మోచెయ్యి తొంభై డిగ్రీలు వంగేంత పొడవు వెదురు కర్ర చాలు. ముల్లు తీసే చిమటా, దబ్బనం, గట్టి దారం, పెనుకొండ తర్వాత నుంచి ఒక తాడు ముక్క నా బ్యాగు పైజేబులో ఎప్పుడూ ఉంటాయి.

తిరిగి ఇంటికొచ్చాక ఎంత అలసిపోయినా టెంట్ మిద్దె మీద నీడలో ఆరేయండి, తడిగా మడిస్తే బూజు పడుతుంది. బూట్లలోంచి లోపలి అట్ట తీసి, దినపత్రిక కాగితాలు కుక్కి, గాలి ఆడేచోట పెట్టండి, కవర్లో కట్టొద్దు, అటక ఎక్కించొద్దు. నావిప్పుడు వాకిలి పక్కన చెప్పుల స్టాండు మీదే ఉంటాయి, వారానికోసారి వేసుకుని కూరగాయలకు వెళ్తాను.