లినక్స్‌లో వైఫై స్లో అయితే ముందు ఎక్కడ చూడాలి

అంబాజీపేటలో నాది చిన్న కంప్యూటర్ షాపు. విండోస్ మోయలేకపోతున్న పాత ల్యాప్‌టాప్‌లకి ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసి ఇస్తుంటాను. తర్వాత కొందరు ఫోన్ చేస్తారు: "ఏవండీ, లినక్స్ వేశాక నెట్ పాకుతోందండి. ఫోన్లో మాత్రం బాగానే వస్తోందండి, ఆయ్."

ఆ ఫోన్ మాటే ముందు తేల్చుకోవాలి. మొబైల్ డేటా ఆపేసి, ల్యాప్‌టాప్ ఉన్న చోటే కూర్చుని, అదే వైఫైలో చూడండి. చాలామంది డేటా ఆపరు, అసలు తేడా అక్కడే వస్తుంది. ఫోన్ కూడా స్లోగా ఉంటే ల్యాప్‌టాప్‌ని లాన్ వైరుతో రూటర్‌కి కలపండి. వైరు మీదా అంతే అయితే లైన్ వేసినవాళ్లనే పిలవాలి, లినక్స్‌లో వెతికి లాభం లేదు.

ఫోన్ బాగున్నా, లేదా వైరు మీద బాగున్నా టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) తెరవండి. కింద చెప్పే కమాండ్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. 'ఐడబ్ల్యూ డెవ్' కొడితే ఇంటర్‌ఫేస్ అన్నచోట మీ వైఫై కార్డు పేరు వస్తుంది. తర్వాత 'ఐడబ్ల్యూ డెవ్', ఆ పేరు, 'లింక్' ఒకే లైనులో కొట్టండి. వచ్చినదాంట్లో సిగ్నల్ లైను చూడండి. మైనస్ 50 దగ్గర ఉంటే బ్రహ్మాండం. మైనస్ 70 దాటి కిందకి పోతే లోపం చాలాసార్లు ల్యాప్‌టాప్‌ది కాదు, మీ ఇంటిది.

మా వైపు పాత పెంకుటిళ్లలో వైరు వీధి వైపు నుంచి వస్తుంది కాబట్టి రూటర్ వీధి గదిలోనే ఉండిపోతుంది. పిల్లాడు చదువుకునేది పెరటి గదిలో. మధ్యలో రెండు మందపాటి గోడలు, ఒక ఇనప బీరువా. అక్కడ వైఫై బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ కోసం పట్టుబట్టకండి, 2.4 మీదే ఉండండి. రూటర్‌లో ఛానల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది పెట్టండి. 'ఎన్ఎంసీఎల్ఐ డెవ్ వైఫై' కొడితే పక్కిళ్ల వైఫైలు ఏ ఛానల్ మీద ఉన్నాయో కనిపిస్తాయి. కొబ్బరితోట అవతల ఉన్న పెదనాన్నగారింటి వైఫై వాడుకునేవాళ్లకి వానాకాలంలో ఇంకా తగ్గుతుంది, తడిసిన ఆకులు సిగ్నల్‌ని మింగేస్తాయి.

సిగ్నల్ బాగుండి కూడా స్లో అంటే నా మొదటి అనుమానం పవర్ సేవ్ మీదే. బ్యాటరీ మిగల్చడానికి కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుంది. రూటర్ అడ్రస్‌కి పింగ్ (జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూపే కమాండ్) కొట్టి చూడండి, చాలా ఇళ్లలో అది 192.168.1.1. ఒక లైనులో 3 మిల్లీసెకన్లు, తర్వాతి లైనులో 200, మళ్లీ 5 వస్తుంటే అనుమానం బలపడినట్టే. 'సుడో ఐడబ్ల్యూ డెవ్', కార్డు పేరు, 'సెట్ పవర్_సేవ్ ఆఫ్' కొట్టి మళ్లీ పింగ్ చేయండి. అంకెలు కుదురుకుంటే దొంగ దొరికాడు. అయితే రీస్టార్ట్ చేస్తే సెట్టింగ్ మళ్లీ మొదటికొస్తుంది. శాశ్వతంగా ఆపాలంటే ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, అందులో కాన్ఫ్.డి ఫోల్డర్ తెరవండి. అక్కడ వైఫై పవర్‌సేవ్ అన్న ఫైల్లో 3 ఉన్నచోట 2 పెట్టి రీస్టార్ట్ చేయండి. బ్యాటరీ కొంచెం ముందుగా అయిపోతుంది, అంతే.

రూటర్ పక్కనే కూర్చున్నా ఇందాకటి 'లింక్' కమాండ్‌లో బిట్‌రేట్ లైను 54 దాటకపోతే రూటర్ సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. టీకేఐపీ (పాత రకం ఎన్‌క్రిప్షన్) అని ఉంటే వైఫై 54 మెగాబిట్ల పాత వేగం దగ్గరే ఆగిపోతుంది. డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టండి. టీకేఐపీ వల్ల ఫోన్లూ స్లో అవుతాయి, పాపం నింద మాత్రం లినక్స్ మీద పడుతుంది.

బ్లూటూత్ హెడ్‌సెట్‌తో ఆన్‌లైన్ క్లాసు వింటున్నప్పుడే నెట్ ఆగుతోందా? బ్లూటూత్, 2.4 వైఫై రెండూ ఒకే బ్యాండ్ మీద నడుస్తాయి. బ్లూటూత్ ఆపి, వైరు ఇయర్‌ఫోన్స్‌తో ఒకసారి చూడండి. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ కూడా ఆ బ్యాండ్‌లో రొద పెడుతుంది, దూరంగా జరపండి.

ఇక మిగిలింది డ్రైవర్, అంటే కార్డుని నడిపించే ప్రోగ్రామ్. 'ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ కె' కొడితే కార్డు ఏదో, ఏ డ్రైవర్ మీద నడుస్తోందో తెలుస్తుంది. బ్రాడ్‌కామ్ అని ఉంటే ఉబుంటు 'అడిషనల్ డ్రైవర్స్'లో చూడండి. మిగతావాటికి ముందు అప్‌డేట్లన్నీ వేయండి, ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) వాటితోనే వస్తుంది. అప్పటికీ కుదరకపోతే కార్డే మార్చాలి. కొనేముందు మీ మోడల్ ఏ కార్డులు ఒప్పుకుంటుందో కనుక్కోండి, కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రామ్) తన లిస్టులో లేని కార్డుని అసలు లోపలికి రానివ్వదు.