ట్రాన్స్‌జెండర్ హక్కుల అర్జీకి ఏఐ సాయం తీసుకోవడం ఎలా?

ఒక ఫోను, అర్జీదారు దగ్గరున్న కాగితాలు చాలు. చాట్‌బాట్ ఏదైనా ఫరవాలేదు.

ముందు జరిగిందంతా తేదీల వరసలో, అర్జీదారు మాటల్లోనే కాగితం మీద రాయండి. తర్వాతే ఫోన్లోకి ఎక్కించి, దాన్ని అర్జీగా రాయమని చాట్‌బాట్‌ను అడగండి. పేరు, ఊరు, ఆధార్ నంబరు మాత్రం వద్దు, ‘అర్జీదారు’ అంటే సరిపోతుంది. తాము ట్రాన్స్ అని ఇంట్లో ఇంకా చెప్పుకోనివాళ్లు ఎందరో ఉన్నారు.

అర్జీ తెలుగులోనే ఉండాలి. ఇంగ్లీషులో ఉంటే అధికారులు భయపడతారని కొందరు అదే పట్టుకుని కూర్చుంటారు. చదివి వినిపిస్తే తనకే అర్థం కాని కాగితం మీద మనిషి చేత సంతకం పెట్టించడం తప్పు.

చిరునామా చూసుకోండి. ఊరు చెప్పకుండా రాజోలు మండలమని మాత్రమే చెప్పినా ఏఐ ‘తూర్పు గోదావరి కలెక్టర్, కాకినాడ’ అని పాత చిరునామా రాసేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. రాజోలు ఇప్పుడు కోనసీమ జిల్లా, కలెక్టరేట్ అమలాపురంలో.

ఇక అసలు పని: తీర్పులు, సెక్షన్లు సరిచూడటం. అందరూ వదిలేసేది ఇదే, అర్జీ పరువు పోయేదీ ఇక్కడే. ఏఐ లేని కేసును కూడా పేరు, సంవత్సరం, పేజీ నంబరుతో సహా రాసిపెడుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇలాంటి తీర్పులు దాఖలు చేసినందుకు లాయర్లకు కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. ‘ఇది నిజమేనా?’ అని మళ్లీ ఆ ఏఐనే అడిగితే చాలాసార్లు ‘నిజమే’ అంటుంది. కోర్టు వెబ్‌సైట్‌లో తీర్పు తెరిచి, మీకు కావలసిన మాట ఏ పేరాలో ఉందో కళ్లతో చూడాలి. కనబడలేదా, కొట్టేయండి.

కేసు నిజమైనా సారాంశం తప్పు కావచ్చు. ట్రాన్స్ మహిళ కూడా స్త్రీయే, భర్త, అత్తింటివాళ్ల వేధింపులపై పాత ఐపీసీలోని సెక్షన్ 498ఏ కింద ఫిర్యాదు చేయొచ్చని 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. కానీ తగిన ఆధారాలు లేవని ఆ కేసును మాత్రం కొట్టేసింది. మొదటి ముక్క ఒక్కటే రాస్తే అవతలి లాయరు రెండోది చదివి వినిపిస్తాడు. హిజ్రాలను నేరస్తుల్లా చూసిన నిజాం కాలపు యునక్స్ చట్టాన్ని 2023లో కొట్టేసింది తెలంగాణ హైకోర్టు. దాన్ని మన హైకోర్టు ఖాతాలో వేయనివ్వకండి.

సెక్షన్లదీ అదే టెన్షన్. ఎవరు ట్రాన్స్‌జెండరో పరిశీలించాలని 2016 బిల్లులో పెట్టిన జిల్లా స్క్రీనింగ్ కమిటీ, 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టంలోకి రానే లేదు. ఏఐ పాత బిల్లును చట్టంగా చూపిస్తే అర్జీ మొత్తం తప్పుదారి పడుతుంది. సవరణలతో కలిపి తాజా చట్టం ‘ఇండియా కోడ్’ సైట్‌లో ఉంటుంది, అది తెరిచి పక్కన పెట్టుకోండి.

నా లెక్కలో అర్జీకి ఒక్క తీర్పు చాలు: జాతీయ న్యాయసేవాధికార సంస్థ (నల్సా) వేసిన కేసులో 2014 ఏప్రిల్ 15 నాటి తీర్పు. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. పది తీర్పులు కుక్కిన అర్జీని ఎవరూ చదవరు.

చివరగా న్యాయసేవాధికార సంస్థ లాయరుకు చూపించండి. ఉచిత సాయానికి 15100కు ఫోన్ చేయొచ్చు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చి, రసీదు చేతికొచ్చాకే కదలండి.