బోరు చూసి బేరింగు ఎంచకండి

కొత్తగా డిజైన్‌లోకి వచ్చినవాళ్లు డ్రాయింగు నా ముందు పరిచి, "షాఫ్టు 25 సార్, అందుకే 6205 బేరింగు వేశాను" అంటుంటారు. చివరి 05ను ఐదుతో గుణిస్తే 25 మిల్లీమీటర్ల బోరు, అంటే షాఫ్టు దూరే రంధ్రం వ్యాసం, నిజమే. కానీ అదే బోరుకు 6005 ఉంది, 6305 ఉంది, గుండ్లకు బదులు రోలర్లుండే ఎన్‌యూ 205 ఉంది. అందుకే లోడు ఎటునుంచి వస్తోందో ముందు చెప్పమంటాను.

పుల్లీ, స్పర్ గేరు షాఫ్టును అడ్డంగా లాగుతాయి. హెలికల్ గేరు దాంతోపాటు పొడవునా కూడా తోస్తుంది. ఈ తోపు ఓ మోస్తరైతే డీప్ గ్రూవ్ బాల్ బేరింగే తట్టుకుంటుంది, వేరేదాని జోలికి పోనక్కర్లేదు. ఎక్కువైతే యాంగ్యులర్ కాంటాక్టో, టేపర్ రోలరో వేయండి. ఇవి ఒక్కోటి ఒకవైపు తోపునే ఆపుతాయి గనక ఎదురెదురుగా జతగా పడాలి. షాఫ్టు వంగుతుందనుకున్నా, రెండు హౌసింగులు ఒకే గీతలో కూర్చోవనుకున్నా సెల్ఫ్ అలైనింగ్ రకాలు చూడండి.

ఇక ఆయుష్షు లెక్క. బేరింగుమీద రేడియల్ లోడు 2 కిలోన్యూటన్లు, వేగం నిమిషానికి 1440 చుట్లు, కావలసింది 20,000 గంటలు అనుకుందాం. 60 × 1440 × 20,000 అంటే 1728 మిలియన్ చుట్లు. బాల్ బేరింగుకు 1728 ఘనమూలం, అంటే 12 తీసుకుని లోడుతో గుణించాలి. క్యాటలాగులో డైనమిక్ కెపాసిటీ (మిలియన్ చుట్ల ఆయుష్షుకు బేరింగు మోయగల లోడు) 24 కిలోన్యూటన్లు కావాలి. 6205ది 14 దగ్గరే ఆగిపోతుంది. రోలర్‌కైతే ఘాతం 3 కాదు, 10/3. అప్పుడు 18.7 చాలు, 25 బోరులోనే ఎన్‌యూ 205 దాన్ని సులువుగా దాటుతుంది. షాఫ్టు మార్చకుండానే పని అయిపోయింది! ఇంత లెక్క చేసినా, నూటికి 90 బేరింగులు ఆ గంటలు దాటతాయనే దీని అర్థం. లోడు పావు వంతు పెరిగితే బాల్ బేరింగు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. అందుకే బెల్టు లాగుడును టార్క్ లెక్కతో సరిపెట్టకండి. వీ బెల్టు బిగువువల్ల అసలు లాగుడు ఆ లెక్కలో వచ్చినదానికి రెట్టింపు దాకా పోతుంది.

నేను అన్నిటికన్నా పట్టుబట్టేది ఇంకోటుంది. రెండు చివరలా బేరింగులను షాఫ్టు, హౌసింగుల భుజాలకు (మెట్లకు) కదలకుండా బిగించేసిన డ్రాయింగును ముందుకు కదలనివ్వను. మీటరు పొడవు ఉక్కు షాఫ్టు హౌసింగు కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. ఆ అర మిల్లీమీటరుకు చోటులేకపోతే అదంతా బేరింగుల మీదే తోపుగా పడుతుంది, మీ 20,000 గంటల లెక్క కాగితం మీదే ఉండిపోతుంది. ఒక చివర బేరింగును రెండువైపులా పట్టి ఉంచండి, రెండో చివర జరగనివ్వండి. అక్కడ ఎన్‌యూ రకం చక్కగా కుదురుతుంది, రోలర్లమీద ఇన్నర్ రింగు దానంతటదే జరుగుతుంది. బాల్ బేరింగే పెట్టాలంటే ఔటర్ రింగుకు హౌసింగులో జారే ఫిట్ ఇవ్వండి.

ఫిట్ విషయంలో, లోడు దిక్కు మారకుండా షాఫ్టు తిరిగే యంత్రంలో ఇన్నర్ రింగు బిగుతుగా ఉండాలి. షాఫ్టుకు కే6, హౌసింగుకు హెచ్7 అనే టాలరెన్సులతో చాలా పనులు నడుస్తాయి. షాఫ్టు బాగా వేడెక్కేచోట సీ3 క్లియరెన్స్, అంటే లోపల మామూలుకన్నా ఎక్కువ సందున్న బేరింగు అడగండి. దుమ్ము, నీళ్లు ఉంటే రబ్బరు సీళ్లున్న 2ఆర్‌ఎస్, వేగం ఎక్కువగా ఉండి చోటు శుభ్రంగా ఉంటే రేకు మూతలున్న జెడ్‌జెడ్.

భద్రతకని రెండు సైజులు పెంచేవాళ్లకు ఒక మాట: రోలర్ బేరింగుకు దాని కెపాసిటీలో కనీసం 2 శాతం, బాల్ బేరింగుకు 1 శాతం లోడు పడాలి. అంతకు తగ్గితే రోలర్లు దొర్లకుండా జారి, ట్రాకులను గీకేస్తాయి.