విశాఖలో ఉంటూ డిజిటల్ యాక్సెసిబిలిటీ ఉద్యోగానికి సిద్ధమయ్యేది ఎలా?

కొన్నేళ్ల క్రితం ఎంవీపీ కాలనీలో ఒక సాయంత్రం, చూపు లేని నా మిత్రుడు శ్రీకాకుళం బస్సుకు ఫోన్‌లో టికెట్ తీసుకోబోయాడు. ఊరి పేరు, తేదీ వరకు టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) చక్కగానే చదివింది. సీట్ల పటం దగ్గరకు వచ్చేసరికి మాత్రం వేలు ఎక్కడ ఆనించినా "బటన్, బటన్" అనడమే తప్ప, అది ఎన్నో నంబరు సీటో, ఖాళీగా ఉందో లేదో, కిటికీ పక్కదో కాదో చెప్పలేదు. చివరికి ఫోన్ నా చేతికిచ్చి, "కాస్త నువ్వే చూసి పెట్టరా" అన్నాడు. ఇలాంటి అడ్డంకిని కనిపెట్టి, అది ఎవరిని ఆపుతోందో కోడ్ రాసేవారికి అర్థమయ్యేలా చెప్పి, తొలగేదాకా వెంటపడడమే యాక్సెసిబిలిటీ టెస్టర్ పని. యాక్సెసిబిలిటీ అంటే వెబ్‌సైట్లు, యాప్‌లు దివ్యాంగులు కూడా వాడుకోగలిగేలా ఉండడం. దీనికి ఇంజినీరింగ్ పట్టా ఉంటే మేలే గానీ, అది లేదని వెనకడుగు వేయనవసరం లేదు.

మొదట స్క్రీన్ రీడర్, అంటే తెర మీదున్నది గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, వాడడం నేర్చుకోండి. విండోస్ కంప్యూటర్లలో పనిచేసే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. దానిని 2006లో ప్రారంభించిన మైకేల్ కుర్రాన్ చూపు లేని ఆస్ట్రేలియా ప్రోగ్రామర్. మౌస్ పక్కన పెట్టి, మానిటర్ ఆపేసి, రోజుకొక గంట చొప్పున నెల రోజులు కేవలం చెవులతో పని చేయండి. హెచ్ నొక్కితే ఒక శీర్షిక నుంచి మరో శీర్షికకు, బీ నొక్కితే ఒక బటన్ నుంచి మరో బటన్‌కు వెళ్లవచ్చు. కరెంటు బిల్లు కట్టడం, రైలు వేళలు చూడడం వంటి నిత్యకృత్యాలనే సాధనకు ఎంచుకోండి.

ఇక్కడే తెలుగు తెలిసినవారికి ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉంది. తెలుగు పేజీకి భాష తెలుగు అని కోడ్‌లో ప్రకటించకపోతే, స్క్రీన్ రీడర్ దానిని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి అక్షరాలను వదిలేయవచ్చు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన పీడీఎఫ్ కంటికి తెలుగులా కనిపించినా, లోపల ఉండేవి పొంతన లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు మాత్రమే. స్కాన్ చేసిన పత్రంలోనైతే అక్షరాలే ఉండవు, ఉన్నదంతా బొమ్మ. ఈ లోపాలను పట్టుకోవడానికి తెలుగు చదవడం వచ్చిన మనిషి కావాలి; ఆ పని మనం చేయకపోతే ఇంకెవరు చేస్తారు?

తరువాత ప్రమాణాలు. వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ మార్గదర్శకాలైన డబ్ల్యూసీఏజీలో, 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పును చదవండి. మామూలు అక్షరాలకు, వాటి వెనుక రంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలనడం వంటి నియమాలు అందులో ఉంటాయి. మొత్తం కంఠస్థం చేయనక్కరలేదు. కనీస స్థాయి అయిన 'ఏ' (A), దాని పై స్థాయి 'డబుల్ ఏ' (AA) నియమాలు ఏ సమస్య కోసం పుట్టాయో తెలిస్తే చాలు. యాక్స్, వేవ్ వంటి ఉచిత పరికరాలు కొన్ని తప్పులను క్షణాల్లో చూపుతాయి గానీ, బొమ్మకు రాసిన వివరణ సరైనదో కాదో మనిషే తేల్చాలి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం నివేదిక రాయడానికి కేటాయించండి. "సీట్ల పేజీ బాగాలేదు" అంటే డెవలపర్ చేయగలిగిందేమీ లేదు. "సీటు బటన్లకు పేరు, స్థితి లేవు, టాక్‌బ్యాక్ 'బటన్' అని మాత్రమే పలుకుతోంది, చూపు లేనివారు సీటు ఎంచుకోలేరు, డబ్ల్యూసీఏజీ 4.1.2 నియమం, 'ఏ' స్థాయి, '12వ నంబరు, కిటికీ పక్కన, ఖాళీ' అని వినిపించాలి" అని రాస్తే, అతను ఆ రోజే సరిదిద్దగలడు. ఇలాంటి నివేదికలు మూడు తయారు చేసుకోండి.

ఆపై దివ్యాంగులతో కూర్చుని, వారు పని చేస్తుండగా మధ్యలో అందుకోకుండా గమనించండి. చూపు లేనివారితోనే ఆగకుండా, వినికిడి లేనివారిని, చేతులు వణికేవారిని కూడా అడగండి. వారి సమయానికి డబ్బు చెల్లించండి. ఉచితంగా పరీక్షించి పెట్టమనడం నాకు న్యాయంగా తోచదు.

చట్టం కొంత తెలిసి ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కెమెరా ముందు కళ్లు ఆర్పమనే ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో ఖాతాదారు గుర్తింపు నిర్ధారణ) వల్ల యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు పడుతున్న ఇబ్బందిపై సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిస్తూ, డిజిటల్ సేవల అందుబాటు రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఐరోపా యాక్సెసిబిలిటీ చట్టం కూడా 2025 జూన్ 28 నుంచి వర్తిస్తోంది కనుక, అక్కడి ఖాతాదారులకు పనిచేసే మన కంపెనీలకూ ఇది అవసరమే.

ఉద్యోగం వెతికేటప్పుడు రుషికొండ, మధురవాడ కంపెనీలలో "యాక్సెసిబిలిటీ" అనే పేరు కోసమే చూడకండి. టెస్టింగ్ ఉద్యోగంలో చేరి ఈ పనిని అడిగి తీసుకోవచ్చు. ఇంటి నుంచి చేసే ఉద్యోగాలకూ దరఖాస్తు చేయండి. యాక్సెసిబిలిటీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏఏపీ ఇచ్చే సీపీఏసీసీ (ఈ రంగపు ప్రాథమికాంశాలపై పరీక్ష) వంటి ధ్రువపత్రాలను కొంత అనుభవం వచ్చాక ఆలోచించవచ్చు. మీరే దివ్యాంగులైతే, పరీక్షలో స్క్రీన్ రీడర్ గానీ, ఇంటర్వ్యూలో సైగ భాష అనువాదకుడు గానీ కావాలని ముందే రాతపూర్వకంగా అడగండి, మొహమాటపడవద్దు.

దరఖాస్తుకు జత చేసే నివేదికను పంపే ముందు దానినీ ఎన్‌వీడీఏతో ఒకసారి చదివించి, శీర్షికలు, పట్టికలు సరిగా వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి. అవతల దానిని తెరిచేది చూపు లేని టీమ్ లీడ్ కావచ్చు.