సంఘాలన్నిటికీ ఒకే క్యాలెండర్: ముందు కూలి రోజులు చూడండి, తర్వాతే తేదీలు పెట్టండి

మా ప్రాంతీయ క్రైస్తవ సహవాసంలో వర్ధన్నపేట, పర్వతగిరి, నెక్కొండ, నర్సంపేట వైపు పల్లె సంఘాలు (చర్చిలు), హనుమకొండలో కొన్ని టౌను సంఘాలు కలిసి ఉన్నాయి. వాటన్నిటి కార్యక్రమాల క్యాలెండర్ రాసే పని, ఉమ్మడి సామాను బీరువా తాళం చాలా ఏళ్లుగా నా దగ్గరే ఉన్నాయి. సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. రిజిస్టర్లు రాయడం నాకు అలవాటైన పని. ఈమధ్య పరకాల, జనగామ వైపు సహవాసాల్లో కొత్తగా సెక్రటరీలైన తమ్ముళ్లు, చెల్లెళ్లు "టీచరమ్మా, ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఫోన్లు చేస్తున్నారు. 2027 క్యాలెండర్ రాసే ముందు వాళ్ల కోసం నేను చేసే పద్ధతి ఇక్కడ పెడుతున్నాను.

తేదీలు ఎవరి వీలు బట్టి పెడతాం అన్నది ముందు తేల్చుకోండి. చాలాచోట్ల ప్రసంగానికి వచ్చే అయ్యగారికి ఎప్పుడు ఖాళీయో అడిగి, ఆ రోజే ఖాయం చేసి, ఫ్లెక్సీ కొట్టించేస్తారు. సభకు జనం రాకపోతే భక్తి తగ్గిపోయిందని బాధపడతారు. భక్తి తగ్గలేదు, ఆ రోజు వాళ్లంతా మిర్చి చేన్లో ఉన్నారు. మా పల్లె సంఘాల్లో ఎక్కువమంది రోజు కూలికి పోయే ఆడవాళ్లు. కూలి పోగొట్టుకుని కూడికకు రమ్మని వాళ్లని అడిగే హక్కు మనకు లేదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే మా క్యాలెండర్‌లో అందరికంటే పేద సంఘాన్ని మొదట అడుగుతాం, ప్రసంగీకుణ్ణి చివర అడుగుతాం.

సెప్టెంబరులో పని మొదలుపెట్టండి. పెద్ద చార్టు మీద పన్నెండు నెలలు గీసి, ఒక్కో సంఘానికి ఫోన్ చేయండి. పాస్టర్ గారితో పాటు స్త్రీల సమాజంలో కూలికి పోయే ఒక అక్కతో కూడా తప్పకుండా మాట్లాడండి. ఏ నెలలో ఏ పని ఉంటుంది, ఎక్కడికి పోతారు, ఎన్నింటికి ఇంటికొస్తారు అని అడగండి. మా వైపు లెక్క దాదాపు ఇట్లా ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో నాట్లు, కలుపు. అక్టోబరు నుంచి పత్తి ఏరడం. నవంబరు వచ్చేసరికి వానాకాలం వరి కోతలు. జనవరి చివరి నుంచి మార్చి దాకా మిర్చి. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి కోతలు. మిర్చి రోజుల్లో కొందరు గుంపులుగా ములుగు, ఖమ్మం వైపు పోయి వారాల తరబడి అక్కడే ఉంటారు. వరి కోసినంత మాత్రాన పని అయిపోదు. కొనుగోలు సెంటర్‌లో వడ్లు కాంటా అయ్యేదాకా కుప్ప దగ్గర ఇంటికొకరు పడుకోవాల్సిందే. నవంబరులో ఆల్ నైట్ ప్రేయర్ పెట్టి మగవాళ్లు రాలేదని అంటే ఏం లాభం?

ఆ పనుల రోజులన్నీ చార్టు మీద ఎర్ర పెన్నుతో గీయండి. అదే ఎరుపుతో ఇంటర్, టెన్త్ పరీక్షలు కూడా గుర్తుపెట్టండి. బతుకమ్మ, దసరా రోజులు వదిలేయండి. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, ఊరంతా ఆ సందడిలో ఉంటుంది. ఆ రోజుల్లో పోటీగా మైకు పెట్టడం ఇరుగుపొరుగుతో మర్యాద కాదు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. మొన్నటిది 2026 జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది కాబట్టి 2027లో ఆ ఇబ్బంది లేదు. కానీ 2028లో ఉంటుంది. ఆ వారంలో మన పల్లెలకు తిరిగే బస్సులు కూడా జాతరకు పోతాయి, వరంగల్ నుంచి ములుగు దారంతా కిటకిటలాడుతుంది. ఆ వారం కన్వెన్షన్ (పెద్ద సభలు) పెట్టి జనాన్ని రోడ్డు మీద నిలబెట్టకండి.

ఎర్ర గీతల మధ్య మిగిలిన తెల్ల ఖాళీలు తక్కువగానే ఉంటాయి. కంగారుపడకండి. మూడు రోజుల కన్వెన్షన్‌కు మా దగ్గర జనవరి మొదటి పది రోజులు, సెప్టెంబరు రెండో సగం బాగా కుదురుతున్నాయి. మిగతా నెలల్లో పగటి సభలు తగ్గించి, రాత్రి ఏడున్నర తర్వాత వాడల్లో గృహ కూడికలు పెడతాం.

ఇక కదిలే పండుగలు. ఈస్టర్ ఏటా మారుతుంది. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం అని లెక్క. అందుకే అది మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2027లో ఈస్టర్ మార్చి 28, గుడ్ ఫ్రైడే మార్చి 26, భస్మ బుధవారం ఫిబ్రవరి 10. అంటే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు దాకా ఉండే ఉపవాస ప్రార్థనల రోజులు, మన శ్రమ దినాలన్నీ సరిగ్గా మిర్చి రోజుల్లో, పిల్లల పరీక్షల రోజుల్లో పడుతున్నాయి. ఆ ఏడాది శుక్రవారం ధ్యానాలను మధ్యాహ్నం పెట్టే సంఘాలు కూడా రాత్రికి మార్చుకుంటే మంచిది. గంట దాటకుండా ముగించండి. తెల్లవారితే వాళ్లు మళ్లీ ఆటో ఎక్కాలి. మార్చి మొదటి శుక్రవారం లోకమంతా స్త్రీల ప్రార్థన దినం జరుపుకుంటారు, 2027లో అది మార్చి 5. దాన్నీ రాత్రికే పెట్టుకుంటున్నాం. 2028లో ఈస్టర్ ఏప్రిల్ 16న, శ్రమ దినాలు మార్చి 1న మొదలు. కొంచెం ఊపిరాడుతుంది.

గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను మేము ఏడు సంఘాల వాళ్లకు పంచుతాం. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. బయటి నుంచి ఎవరినీ పిలవం. ఏ మాట ఎవరిదో నెల ముందే చెబితే, ఎప్పుడూ ప్రసంగం చేయని అక్క కూడా చక్కగా సిద్ధపడి వస్తుంది. ఊళ్లో తమ మనిషి పుల్పిట్ దగ్గర నిలబడితే సంఘం ఎంత శ్రద్ధగా వింటుందో మీరే చూస్తారు.

వి.బి.ఎస్., అంటే వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ఏడాది మొత్తంలో మన డబ్బుకీ శ్రమకీ ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. బడులకు ఏప్రిల్ చివరి వారంలో సెలవులు ఇస్తారు, జూన్ 12న మళ్లీ తెరుస్తారు. వరంగల్ ఎండలు మేలో నలభై డిగ్రీలు దాటుతాయి కాబట్టి సెలవులు ఇచ్చిన వెంటనే, ఏప్రిల్ చివర్లో మొదలుపెట్టండి. పొద్దున ఏడు నుంచి పది వరకే పెట్టండి. పదిన్నరకు పిల్లలు ఇంట్లో ఉండాలి. రేకుల షెడ్డు చర్చి అయితే చింతచెట్టు కింద, లేదా హెడ్మాస్టర్ గారి అనుమతి తీసుకుని బడి వరండాలో పెట్టుకోండి. కుండ నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ముందే తెచ్చిపెట్టుకోండి. చివరి రోజు ర్యాలీ తీస్తే ఎండెక్కకముందే, ఎనిమిదిలోపు ముగించేయండి.

టీచర్ల ట్రైనింగ్ ఏప్రిల్ రెండో శనివారం పెట్టండి. డిగ్రీ చదివే పిల్లలే ఇందులో మన బలం. ఒక్కో సంఘం నుంచి ముగ్గురిని పిలవండి. ఒక్కరే వస్తే ఊళ్లో భారమంతా ఆ ఒక్కరి మీద పడుతుంది. పాఠం చదివి వినిపించడం ట్రైనింగ్ కాదు. ప్రతి ఒక్కరితో ఒక కథ చెప్పించండి, ఒక యాక్షన్ సాంగ్ నేర్పించండి, ఒక క్రాఫ్ట్ చేతులతో చేయించండి. పిల్లల పుస్తకాలు సంఘానికి ఎన్ని కావాలో మార్చి మొదటి వారానికే లెక్క తీసుకుని అన్నీ ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది. కొనలేని సంఘాలకు తెల్ల కాగితాలు, క్రేయాన్లు ఉమ్మడి బీరువా నుంచి ఇవ్వండి. పుస్తకం లేదని ఏ ఊరి పిల్లలూ వి.బి.ఎస్. మిస్ కాకూడదు.

పిల్లలతో పని కాబట్టి ఇంకో మాట. గదిలో ఒక్క టీచరు మాత్రమే ఎప్పుడూ ఉండకూడదు, ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. పిల్లల పేరు, ఇంటి పెద్ద ఫోన్ నంబర్, తల్లిదండ్రుల అంగీకారం రిజిస్టర్‌లో రాయించండి. వేరే మతం ఇళ్ల పిల్లలు వస్తే ఇంట్లో తెలిసి వస్తున్నారా అని మీరే వెళ్లి కనుక్కోండి. పిల్లల సహాయ నంబర్ 1098 చార్టు మీద పెద్దగా రాసి గోడకు అతికించండి.

యువకుల కోసం సభలే కాకుండా ఒక ప్రయాణం కూడా క్యాలెండర్‌లో పెట్టండి. డోర్నకల్ మనకు దగ్గరే, వరంగల్‌లో విజయవాడ వైపు రైలెక్కితే దిగవచ్చు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య గారు అక్కడే పనిచేశారు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కథీడ్రల్‌ను (బిషప్ గారి పెద్ద చర్చిని) గుమ్మటాలతో, స్తంభాలతో మన దేశపు కట్టడాల తీరులో కట్టించారు. మెదక్ కథీడ్రల్ కొంచెం దూరం. 1924 క్రిస్మస్ రోజున దాన్ని ప్రతిష్ఠించారు, కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరికేలా కట్టారు. మన పిల్లలు ఈ చరిత్ర వినాలి. పల్లెల్లో చాలామంది పిల్లలు తమ సంఘాన్ని నిన్నమొన్నటిది అనుకుంటున్నారు, అది నాకు చాలా బాధ.

డిసెంబరులో అందరికీ ఒకే ఆదివారం కావాలి. సెమీ క్రిస్మస్, స్త్రీల క్రిస్మస్, పిల్లల క్రిస్మస్, క్యారల్స్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, మైకు సెట్టు మాత్రం ఒక్కటే. నవంబరు మొదటి ఆదివారం సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి తేదీలు పంచండి. కిందటేడు ముందు తీసుకున్న సంఘం ఈసారి చివర తీసుకోవాలి. ఒప్పుకున్న తేదీ పక్కన సంఘ పెద్ద సంతకం తీసుకోండి.

మైకు అనుమతి కాగితం తప్పనిసరి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి కావాలి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు వాడకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకు నిశ్శబ్ద ప్రాంతంగా లెక్కిస్తారు. సభకు పది రోజుల ముందే తేదీ, స్థలం, సమయం, బాధ్యుడి ఫోన్ నంబర్ రాసి స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి. పదికి ఐదు నిమిషాల ముందే ప్రార్థన ముగించండి. పక్కింటి ముసలమ్మకు నిద్ర పాడుచేసి సువార్త చెప్పలేం.

సమాచారం పంపడంలో ఫ్లెక్సీ కంటే వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఎక్కువ పనిచేస్తుంది. మా సంఘాల్లో చదవలేని అమ్మలు చాలామంది. నిమిషం లోపు, నిదానంగా చెప్పండి. ఏ రోజు, ఎక్కడ, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, భోజనం ఉందా లేదా, తిరుగు బస్సు ఎన్నింటికి. ఈ ఆఖరిది చాలామంది మరిచిపోతారు, ఆడవాళ్లకు అన్నిటికంటే ముఖ్యం అదే. 2023 డిసెంబరు నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి స్త్రీల కూడికలకు రాక పెరిగింది. ఆధార్ కార్డు వెంట తెచ్చుకోమని మెసేజ్‌లోనే చెప్పండి. ఆఖరి బస్సుకు అరగంట ముందు సభ ముగించాలని ప్రసంగీకుడికి కూడా ముందే చెప్పి ఒప్పించండి.

ఇప్పుడు బీరువా. ఉమ్మడిగా ఏం కొనాలి అంటే, ఒక్క సంఘం కొనలేనివి, ఏడాదికి కొన్నిసార్లే అవసరమయ్యేవి. మా దాంట్లో మైకు సెట్టు, రెండు బాక్సులు, కార్డ్‌లెస్ మైకులు, పెద్ద టార్పాలిన్లు, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) సామాను, కంజీరలు, డోలక్, సండే స్కూల్ బొమ్మల చార్టులు, పాటల పుస్తకాలు, పెద్దక్షరాల బైబిళ్లు ఉన్నాయి. బైబిళ్లు బైబిల్ సొసైటీ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. చూపు తగ్గిన పెద్దవాళ్లకు పెద్దక్షరాలవి, చదవలేని వాళ్లకు మెమరీ కార్డులో బైబిల్ ఆడియో వేసి ఇవ్వండి. పొలం కాడ ఫోన్లో వింటూ పనిచేసుకునే అక్కలు మాకు ఉన్నారు.

రిజిస్టర్‌లో ఐదు గడులు చాలు: వస్తువు, తీసుకున్న సంఘం, తీసుకున్న తేదీ, తెచ్చిన తేదీ, ఎట్లా ఉంది. తిరిగి తెచ్చినప్పుడు మైకు పెట్టి ఇద్దరూ విని చూసి సంతకం చేయాలి. పాడైతే రిపేరు ఖర్చు సగం వాడిన సంఘం, సగం సహవాసం. ఈ నియమం ముందే అందరి ముందు చదివి ఒప్పించుకుంటే తర్వాత మనస్పర్థలు రావు. తాళం ఒకరి దగ్గర, రెండో తాళం వేరే సంఘం వాళ్ల దగ్గర ఉండాలి.

డబ్బు సంగతి. ప్రతి కార్యక్రమం అయిన వారంలో వచ్చిన కానుక, అయిన ఖర్చు ఒక కాగితం మీద రాసి అన్ని సంఘాలకూ పంపండి, తర్వాతి కూడికలో చదివి వినిపించండి. అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లలు పంపుతామంటే ముందు ఒకటి అడగండి. భారత పౌరులుగానే ఉంటే తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇవ్వవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా సహవాసం తీసుకోకూడదు. ప్రేమతో ఇస్తామన్నా సరే, వాళ్లకు ఇదే వివరంగా చెప్పండి.

చార్టు పూర్తయ్యాక అచ్చు వేసే ముందు, సెప్టెంబరులో మాట్లాడిన ఆ అక్కలకే మళ్లీ ఫోన్ చేసి తేదీలు చదివి వినిపించండి. ఎవరైనా "ఆ వారం మాకు కుదరదమ్మా" అంటే అప్పుడే మార్చేయండి. నవంబరు చివరికి ప్రతి సంఘానికి రెండు కాపీలు చేరాలి, ఒకటి చర్చి గోడకు, ఒకటి స్త్రీల సమాజం అక్క ఇంటికి.