హిట్లర్-స్టాలిన్ ఒప్పందాన్ని ఎగతాళి చేసిన యుద్ధకాలపు కార్టూన్‌ను ఎలా చదవాలి?

ఎనభై ఏళ్లు దాటిన కార్టూన్ చూడగానే మనకు నవ్వు రాదు. ఆ రోజు పేపరు కొన్నవాడికి అంతకుముందు నెల వార్తలన్నీ తెలుసు, మనకు తెలియవు. అందుకే ఒక్క బొమ్మ తీసుకుని నెమ్మదిగా చూద్దాం. లండన్ పత్రికల కార్టూనిస్టు డేవిడ్ లో (David Low) గీసిన 'రాండేవూ' (అంటే ముందే అనుకుని కలుసుకోవడం) నెట్‌లో సులువుగా దొరుకుతుంది, పక్కన తెరిచి పెట్టుకోండి.

ముందు తేదీ చూడండి. ఇది లండన్ 'ఈవెనింగ్ స్టాండర్డ్'లో 1939 సెప్టెంబరు 20న వచ్చింది. ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ యూనియన్ పరస్పరం దాడి చేసుకోబోమని మాస్కోలో సంతకాలు చేశాయి. సెప్టెంబరు 1న హిట్లర్ సేనలు పడమర నుంచి పోలండ్‌లోకి చొరబడ్డాయి. 17న స్టాలిన్ సేనలు తూర్పు నుంచి దిగాయి. మూడు రోజులకే కార్టూన్.

తర్వాత బొమ్మలోని మాటల్ని చేత్తో మూసేసి బొమ్మ ఒక్కటే చూడండి. ఎడమవైపు హిట్లర్, కుడివైపు స్టాలిన్. ఇద్దరూ టోపీలు తీసి, నడుం వంచి, పెళ్లిలో వియ్యంకుల్లా మర్యాదలు చేసుకుంటున్నారు. మధ్యలో నేల మీద శవం. అది పోలండ్.

ఇప్పుడు చెయ్యి తీయండి. "భూమ్మీది చెత్త అంటే తమరే అనుకుంటాను?" అన్నది హిట్లర్ పలకరింపు. "కార్మికుల పాలిట నెత్తుటి హంతకులు తమరే కదూ?" అన్నది స్టాలిన్ జవాబు. నిన్నటిదాకా తిట్టుకున్న తిట్లకే 'తమరు' తగిలించారు. మనవాళ్లు నోటితో పలకరించి నొసటితో వెక్కిరించడం అంటారే, ఇక్కడ అది తిరగబడింది: నడుం మర్యాద చేస్తోంది, నోరు తిడుతోంది. ఇంగ్లిష్ పాఠకుడికి ఇంకో చమత్కారం కూడా తగులుతుంది. 1871లో ఆఫ్రికాలో పాత్రికేయుడు స్టాన్లీ, తాను వెతుకుతున్న అన్వేషకుడు లివింగ్‌స్టన్‌ను "డాక్టర్ లివింగ్‌స్టన్ తమరే అనుకుంటాను?" అని పలకరించాడని చెప్పే ప్రసిద్ధ వాక్యానికి ఇది పేరడీ. నాకైతే ఇది తెలిశాకే బొమ్మ పూర్తిగా అర్థమైంది.

పత్రిక ఎవరిదో కూడా కనుక్కోండి. ఇక్కడ యజమాని బీవర్‌బ్రూక్. యుద్ధానికి ముందు హిట్లర్‌తో సర్దుకుపోవాలన్న మనిషి. డేవిడ్ లో మాత్రం తన ఇష్టం వచ్చినట్టు గీసే స్వేచ్ఛను ముందే ఒప్పందంలో రాయించుకున్నాడు.

అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి: కార్టూనిస్టుకు ఆ రోజు తెలిసింది వేరు, మనకు ఇవాళ తెలిసింది వేరు. మాస్కో ఒప్పందానికి ఒక రహస్య అనుబంధం ఉంది. పోలండ్‌తో పాటు తూర్పు ఐరోపాలో ఎవరి వాటా ఎంతో అందులో రాసుకున్నారు. అమెరికా విదేశాంగ శాఖ దాన్ని అచ్చువేసింది 1948లో. సోవియట్ పార్లమెంటు ఒప్పుకున్నది 1989 డిసెంబరులో. ఆ కాగితాన్ని డేవిడ్ లో అప్పుడు చూడలేదు. రెండు సైన్యాలు ఎటు నుంచి ఎటు నడిచాయో చూసి, వీళ్లు తోడుదొంగలని పట్టేశాడు. కాబట్టి ఈ బొమ్మను రహస్య అనుబంధానికి సాక్ష్యంగా వాడకండి. అప్పటి లండన్ పాఠకుడికి ఏం అనిపించి ఉంటుందో దానికి వాడండి.

ఇక మీరే ఒకటి ప్రయత్నించండి. అమెరికన్ కార్టూనిస్టు క్లిఫర్డ్ బెర్రీమన్ 1939 అక్టోబరులో హిట్లర్‌ను పెళ్లికొడుకుగా, స్టాలిన్‌ను పెళ్లికూతురుగా గీసి, ఈ హనీమూన్ ఎన్నాళ్లో అని అడిగాడు. తేదీ దగ్గర మొదలుపెట్టండి. జర్మన్ సేనలు సోవియట్ భూభాగంలోకి దూకింది 1941 జూన్ 22న. ఆ సంగతి మాత్రం బొమ్మ చూడటం పూర్తయ్యేదాకా పక్కన పెట్టండి.