యాంటీబయాటిక్ వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు వస్తే

ముందు లెక్క చూడాల్సింది, మొదటి మాత్ర వేసుకుని ఎంతసేపయిందని. గంటలోపే దోమ కుట్టినట్టు ఉబ్బి, ఒకచోట తగ్గి ఇంకోచోట లేస్తుంటే అది అసలు ఎలర్జీ. ఆ మందు ఆపేయాలి, మళ్లీ ముట్టకూడదు. పెదాలు, నాలుక వాచినా, గొంతు పట్టేసినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టండి, నడిపించొద్దు. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే. ఎలర్జీకి మామూలుగా ఇచ్చే ఎవిల్, డెక్సా దానికి బదులు కావు.

అమాక్సిసిలిన్ మొదలెట్టిన 5–10 రోజులకు ఛాతీ, వీపు మీద తట్టులాంటి ఎర్రమచ్చలు లేస్తే సంగతి వేరు. జ్వరం లేక, నోరూ కళ్లూ బాగుంటే సాధారణంగా ప్రమాదం ఉండదు. డాక్టర్‌కి చూపించి మందు మార్పించుకోండి. దురదకు పెద్దవాళ్లయితే రాత్రి సెట్రిజిన్ 10 మి.గ్రా. ఒకటి, పైన కాలమైన్ లోషన్. మందు ఆపాక కూడా రెండు మూడు రోజులు మచ్చలు పెరగొచ్చు. తర్వాత పొట్టు రాలి తగ్గిపోతాయి. వైరల్ జ్వరంలో మందు వాడిన పిల్లలకైతే ఆ మచ్చలు చాలాసార్లు వైరస్‌వే.

విరేచనాలకని ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో మర్మాంగం మీదో అదేచోట మచ్చ మండుతూ లేచి నల్లగా మిగిలిపోతుంటే, అది సుఖరోగమేమోనని దాచుకోకండి, మందు పడకే అలా వస్తుంది. రెండిట్లో ఏది పడలేదో తేలేదాకా రెండూ మానేయాలి.

పొదల్లోని చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి డాక్సీసైక్లిన్ వాడుతుంటే ఎండ తగిలిన చోటే చర్మం కమలొచ్చు. పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ వాడండి. సొంతంగా మాత్ర ఆపితే ఆ జ్వరం ముదురుతుంది.

భయపడాల్సింది మందు మొదలెట్టిన 1–4 వారాల మధ్య వచ్చే దద్దుర్లకి. కోట్రైమాక్సజోల్ లాంటి సల్ఫా మందులతో ఎక్కువ. జ్వరం, ఎర్రటి కళ్లు, నోట్లో పుండ్లు, ముట్టుకుంటే నొప్పెట్టే చర్మం, బొబ్బలు కనిపిస్తే మందు ఆపి ఆ పూటే పెద్దాసుపత్రికి, ఒడిశా వైపు ఉంటే బరంపురమో కోరాపుటో మెడికల్ కాలేజీకి తీసుకెళ్లండి. పైపూతలతో ఒక రోజు కూడా పోగొట్టకండి.

షాపులో విడిగా కత్తిరించిచ్చిన ముక్క మీద చాలాసార్లు మందు పేరే మిగలదు. కొన్నప్పుడే మొత్తం స్ట్రిప్పు వెనక ఫొటో తీసుకోండి. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒక పేరుతో అమ్మే మందు సరిహద్దు ఇవతల ఆంధ్రాలోని పాతపట్నంలో ఇంకో పేరుతో ఉండొచ్చు. అమాక్సిసిలిన్ పడనివారికి క్లావులనేట్ కలిపిన మాత్ర కూడా పనికిరాదు, అందులో ఉండేదీ అదే. చీటీ మీద ‘యాంటీబయాటిక్ పడదు’ అని కాక మందు అసలు పేరు, మొదటి మాత్ర తేదీ, మచ్చలు లేచిన తేదీ ఇంగ్లీషు అక్షరాల్లో రాయించండి. ఒడియా డాక్టర్‌కి తెలుగు చీటీ పనికిరాదు.